పళ్లు కనబడని బండి

సూరీడమ్మ ఆటో సీటు మీద ఎండిపోయిన పుల్లైసు మరకని గోటితో గీకుతోంది. తడిగుడ్డతో రెండుసార్లు తుడిచినా అది పోలేదు. పదకొండు మంది పిల్లలు రోజూ ఎక్కి దిగే బండి. మరక లేకపోతే ఆశ్చర్యపడాలి.

పక్కనే అరుగు మీద ఆమె భర్త తవిటినాయుడు టీ గ్లాసు పట్టుకుని, రోడ్డున పోయే ప్రతి బండికీ జాతకం చెబుతున్నాడు. అతను ముప్పై మూడేళ్లు బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. వినేవాడు సూరీడమ్మకి వరసకి తమ్ముడు, పశువుల ఆసుపత్రి అటెండరు ఎర్రయ్య. పొద్దున్నే టీ తాగి డ్యూటీకి వెళ్లే ముందు రెండు బళ్ల జాతకాలు వినడం ఎర్రయ్యకి అలవాటు.

"అదిగో, ఆ బుల్లి కారు సూడు" అన్నాడు తవిటినాయుడు. "పీట మీద కూకున్నట్టు ఉంటాది. మలుపులో తోకెగరేసుకుంటా ఎల్తాది. ఆర్నెల్లకోపాలి సైలెన్సరు ఊడిపోతాది. అయినా దాన్ని తోలినోడు మరోటి ముట్టడు. సరదా బండంటే అదీ!"

"మరి ఆ ఎనకాలది, బావా?"

"అదా? బీరువాకి సక్రాలెట్టినట్టు లేదూ? అందం లేదు, సందం లేదు. బత్తాలెయ్యి, మేకలెయ్యి, పెళ్లోరినెయ్యి, నోరెత్తదు. పనిబండి."

"ఇంక ఆ పెద్దది?"

ఆ పెద్దది జీడిపప్పు షావుకారు గున్నయ్యశెట్టి గారి కారు. తవిటినాయుడు గ్లాసు కింద పెట్టి మరీ చూశాడు.

"ఎక్కడానికి మెట్టు కావాల, దిగడానికి మనిషి సాయం కావాల. పైకప్పు తెరుసుకుంటాది. ఎందుకూ? ఆకాశం సూడ్డానికట. ఈ మండలంలో ఆకాశాన్ని డబ్బెట్టి కొన్నోడు ఈయనొక్కడేరా, ఎర్రయ్యా!"

ఇన్ని బళ్ల సంగతి తెలిసినవాడు తన ఆటోని మాత్రం తోలడు. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ముతో అతనే కొన్నాడు, కళ్లంలో తిప్పి తిప్పి భార్యకి అతనే నేర్పాడు. తీర్పు చెప్పేవాడు బోనులో నిలబడకూడదన్నది అతని సిద్ధాంతం. అందుచేత ఆరేళ్లుగా సూరీడమ్మే తోలుతోంది. కొమ్మువలస నుంచి మండల కేంద్రంలో చిన్నపిల్లల బడికీ హైస్కూలుకీ నాలుగు కిలోమీటర్లు. దారంతా కంకర లారీలు. ఆ ఆటో రాకముందు ఊళ్లో ఏ ఆడపిల్లా ఐదో తరగతి దాటలేదు. ఈ ఏడు ఇద్దరు పదో తరగతికి వచ్చారు. దమయంతి, గిరిజ. ఆ ఇద్దరి పేర్లూ తలుచుకున్నప్పుడల్లా సూరీడమ్మ టైర్లలో గాలి మరోసారి చూసుకుంటుంది.

ఆ పొద్దున్న ఆమె ఇంకా మరక గీకుతూ ఉండగానే ఒక తెల్ల కారు వచ్చి సరిగ్గా వాళ్లింటి ముందు ఆగిపోయింది. లోపల్నుంచి ఒక ఆడగొంతు, "తలుపు తెరిచి ఉన్నది, దయచేసి మూయండి" అని పదే పదే చెబుతోంది. తలుపులన్నీ మూసే ఉన్నాయి. డ్రైవరు దిగి నాలుగు తలుపులూ తీసి వేశాడు. గొంతు నమ్మలేదు. వెనక సీట్లోంచి ఒక పెద్దమనిషి దిగి, చేతిలో ఫైలుతో విసురుకుంటూ నిలబడ్డాడు.

తవిటినాయుడు అరుగు దిగి వెళ్లి, ఎడమ వెనక తలుపుని నడుంతో ఒక్క పోటు పొడిచాడు. ఆడగొంతు ఆగిపోయింది.

ఆ పెద్దమనిషి పేరు పీతాంబరరావు. వాహన సార్థకతా విభాగానికి సంయుక్త సంచాలకులు. ఆ విభాగం పుట్టి ఎనిమిది నెలలయింది గాని చేయడానికి పని ఇంకా దొరకలేదు. పని వెతుక్కుంటూనే ఆయన జిల్లా అంతా తిరుగుతున్నారు.

"మీకు వాహన శాస్త్రంలో ప్రవేశం ఉన్నట్టున్నదే" అన్నారాయన.

"శాస్త్రం ఏటుంది బాబూ! లోకంలో బళ్లు మూడే రకాలు. సరదా బండి, పనిబండి, గొప్పబండి."

"ఏది ఏ రకమో నిర్ధారించుట ఎట్లు?"

"తోలినోడి మూతి సూత్తే సరి. పళ్లు కనబడితే సరదా. పెదాలు మూసుకుంటే పని. మూతి పైకెత్తితే గొప్ప."

పీతాంబరరావు గారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, "మరొక్క పర్యాయము చెప్పండి" అన్నారు.

సూరీడమ్మ గుడ్డ పిండి తీగ మీద ఆరేసింది. తన భర్త మాటని ఒకరు కాగితం మీద రాసుకోవడం ఆమె చూడ్డం అదే మొదలు. ఎందుకో ఆమెకి బాగా అనిపించలేదు.

నెల తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. పంచాయతీ బోర్డుకి అంటించిన కాగితాన్ని తవిటినాయుడే పైకి చదివాడు.

"రహదారులపై నానాటికీ పెరుగుచున్న రద్దీని దృష్టియందుంచుకొని, ఇందుమూలముగా సమస్త వాహనములను మూడు తరగతులుగా విభజించడమైనది. సరదా తరగతి వాహనములు పసుపు పట్టీ ధరించి, ఆదివారములు, సెలవు దినములలో మాత్రమే తిరుగవలెను. పని తరగతి వాహనములు ఆకుపచ్చ పట్టీ ధరించి పనిదినములలో తిరుగవలెను. గొప్ప తరగతి వాహనములు వంగపండు రంగు పట్టీ ధరించి యజమాని గృహము ముందు నిలిచి ఉండవలెను. వాటి ఇంజను నడుపరాదు. ప్రజలు వాటిని చూచుటకు యజమాని అభ్యంతరపెట్టరాదు."

ప్రభుత్వ వాహనాలకి ఈ పరీక్ష లేదు. వాటిలో ఆనందం లేదనీ, పని జరిగినట్టు దాఖలా లేదనీ, వాటి గొప్ప ప్రజలదే గనక లెక్కకి రాదనీ కింద సన్నక్షరాల్లో వివరణ ఉంది.

ఇక దంత దర్శన పరీక్ష. బండిని నాలుగు కిలోమీటర్లు నడిపిస్తారు. ఎక్కినవాళ్ల పళ్లు ఎన్ని కనబడ్డాయో లెక్కిస్తారు. తలకి నాలుగు దాటితే సరదా, దాటకపోతే పని. మూతి పైకెత్తిన కోణం కొలవడానికి బడిపిల్లల కోణమాని చాలు. పళ్లు లెక్కపెట్టేదెవరన్న ప్రశ్న మీద విభాగం పదకొండు రోజులు ఉత్తరప్రత్యుత్తరాలు జరిపింది. చివరికి, జిల్లాలో ప్రభుత్వ జీతం తీసుకుంటూ పళ్లు లెక్కపెట్టిన అనుభవం ఉన్న ఉద్యోగి ఒక్కడే తేలాడు. పశువుల సంతలో ఎడ్ల పళ్లు చూసి వయసు చెప్పే ఎర్రయ్య.

ఎర్రయ్యని డెప్యుటేషన్ మీద తీసుకున్నారు. తవిటినాయుడికి గౌరవ వాహన నిపుణుడని బిరుదిచ్చి, మెడలో కార్డూ నెత్తిన నీలం టోపీ పెట్టారు.

మొదటివారం కొంచెం ఇబ్బంది అయింది. పాతికేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? ఎర్రయ్య ఎదుటివాడి పై పెదవిని బొటనవేలితో ఎత్తి చూసేవాడు. ఒక హెడ్ కానిస్టేబుల్ పెదవి ఎత్తి, "ఆరు పళ్లు గట్టివే. ఇంకో రెండేళ్లు దున్నుతాడు" అని పైకే అనేశాడు. ఆయన మోటారు సైకిలు ఏ తరగతిలోనూ చేరకుండా చాలా రోజులు పెండింగులో ఉండిపోయింది.

తర్వాత పని జోరందుకుంది. పనిదినాల్లో తిరగాలంటే పళ్లు కనబడకూడదు గనక, జనం బోసినోళ్ల కోసం వెతుక్కున్నారు. వీధి చివర నీలమ్మ మామ్మకి ఎనభై రెండేళ్లు, నోట్లో ఒక్క పన్ను లేదు. ఆ నెలలో ఆవిడ పదిహేడు బళ్లు ఎక్కింది. "ఓలమ్మో, పుట్టి బుద్ధెరిగాక ఇంత తిరుగుడు తిరగనేదే!" అని ప్రతి బండిలోనూ విరగబడి నవ్వింది. ప్రతిసారీ ఎర్రయ్య సున్నా వేశాడు. పదిహేడు బళ్లకీ ఆకుపచ్చ పట్టీ పడింది. ఆ పైన విభాగం మేలుకుని, దంతరహితులను పొరుగిళ్ల నుండి సమీకరించుట శిక్షార్హమని ప్రకటించింది.

జిల్లా మొత్తం మీద ఒక్క పన్నూ కనబడని ఉత్తమ పనిబండిగా శవాల వ్యాను నెగ్గింది. సభ పెట్టి డ్రైవరుకి శాలువా కప్పారు. అతను సంతోషం పట్టలేక నవ్వాడు. ఎర్రయ్య చూస్తూ ఊరుకోలేక ఇరవై రెండు అని రాసుకున్నాడు. ప్రశంసాపత్రం విచారణ ముగిసేదాకా ఆపేశారు.

గొప్ప తరగతి కోసం మాత్రం సిఫార్సులు నడిచాయి. గున్నయ్యశెట్టి గారు పరీక్ష రోజున మూతి ఎంత పైకెత్తారంటే మెడ పట్టేసి మూడు రోజులు కాపడం పెట్టించుకున్నారు. వంగపండు పట్టీ పడ్డాక ఆయన కారు ఇంటిముందు నిలబడింది. జనం వచ్చి చూసి వెళ్లారు. నాలుగోరోజుకి చూడ్డానికెవరూ రాలేదు. ఐదోరోజున, కారు కదలకపోతే గొప్ప ఎవరికి తెలుస్తుందని షావుకారుకి సందేహం కలిగింది. ఆయన అర్జీ పెట్టుకున్నారు. విభాగం తర్జనభర్జనలు పడి ఒక స్పష్టీకరణ జారీ చేసింది. దాన్ని తవిటినాయుడు ఇంట్లో భోజనం దగ్గర చదివి వినిపించాడు.

"ఇంజను ఆపి ఉన్న వాహనము, ఇతరులచే లాగబడుచున్నంతసేపు, వాహనము కాజాలదు. అది సామాను."

మర్నాడు గున్నయ్యశెట్టి గారు సామానులో కూర్చుని జీడిపప్పు కొట్టుకి బయల్దేరారు. ముందు రెండు ఎడ్లు. పైకప్పు తెరిచి ఉంది, మూతి ఎత్తి ఉంది.

"ఇప్పుడు బాగుంది. మైలేజీ పెరిగింది" అన్నాడు తవిటినాయుడు.

ఆ తర్వాత అతను అభిప్రాయాలు మామూలు భాషలో చెప్పడం తగ్గించాడు. కార్డు మెడలో వేలాడే కొద్దీ అతని మాట మారిపోయింది. కూరలో ఉప్పు తగ్గితే, "సదరు కూరయందు లవణము లోపించినట్లు గమనించడమైనది" అనేవాడు. సూరీడమ్మ ఉప్పు డబ్బా తెచ్చి అతని ముందు పెట్టేది. టోపీ పడుకునేటప్పుడు మాత్రం తీసేవాడు, అదీ దిండు పక్కనే.

ఒకనాడు అతను కాగితాల కట్ట విప్పుతూ, "శనివారం మన ఆటోకి" అన్నాడు.

సూరీడమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేయి ఆగింది.

"సోమవారం గుంటలకి పరీక్షలు" అంది. "పబ్లిక్ పరీక్షలు. దమయంతికీ, గిరిజకీ."

"తెలుసు."

"పసుపు పట్టీ ఏత్తే ఆదివారం తప్ప తిరక్కూడదు."

"తెలుసు. ఆ ఉత్తర్వు నా మాట మీదే పుట్టింది గదా!"

"నీ మాట మీదే పుట్టింది గాబట్టే అడగతన్నాను. పనిబండని రాయి. పనేగా సేత్తంది!"

తవిటినాయుడు టోపీ సర్దుకున్నాడు. "కళ్లతో సూసిందే రాయాల. నా ఇంటి బండని కళ్లు మూసుకుంటే రేపు నా మాట ఎవుడు నమ్ముతాడు? ఒక శాకే నా మాట మీద నడుత్తంది, సూరీడూ."

"శాక నడుత్తంది. గుంటలు నడవాల్సొత్తాది" అందామె. మళ్లీ రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

ఆమెకి తెలుసు, ఆ పిల్లలు నవ్వకుండా ఉండరు. ఆ ఆటోలో ఎందుకు నవ్వుతారో మాత్రం తెలీదు. ఇంట్లో తిట్లు తిని ఏడుస్తూ ఎక్కినవాడు కూడా రెండో మైలురాయి దగ్గరికి నవ్వుతాడు. చెరువుగట్టు దిగేచోట తూము ఉంది. అక్కడ ఆటో ఒక్క గెంతు గెంతుతుంది. ఆ గెంతుకి పదకొండు మందీ 'హో' అని లేవాలి. ఆరేళ్లుగా అది రోజుకి రెండుసార్లు జరుగుతోంది.

గురువారం, శుక్రవారం ఆమె పిల్లలకి తర్ఫీదిచ్చింది. ముందు చచ్చిపోయిన కుక్కపిల్లని తలుచుకోమంది. రెండో తరగతి బుజ్జిగాడు నిజంగానే ఏడ్చేశాడు. వాడి ఏడుపులో అన్ని పళ్లూ కనబడ్డాయి. అది పనికిరాదు. చివరికి ఉపాయం దమయంతే చెప్పింది.

"మామ్మా, నోట్లో నీళ్లు పుక్కిలి పట్టుకుంటే?"

పట్టుకున్నారు. బుగ్గలు పొంగించుకుని, పెదాలు బిగించుకుని పదకొండు మంది నిశ్శబ్దంగా కూర్చున్నారు. సూరీడమ్మ తూము దగ్గర ఎద్దులా నెమ్మదిగా దింపింది. ఒక్క పన్ను కనబడలేదు. బుజ్జిగాడు సగం నీళ్లు మింగేశాడు, అంతే.

శనివారం పొద్దున్న పీతాంబరరావు గారి తెల్లకారు వచ్చింది. పిల్లలు అప్పటికే నీళ్లు పట్టుకుని ఉన్నారు. ఆయన వాళ్లని చూసి మెచ్చుకున్నారు.

"ఇంతటి క్రమశిక్షణ గల ప్రయాణీకులను ఈ జిల్లాలో చూచి ఉండలేదు. మీ పేరేమి, బాబూ?"

బుజ్జిగాడు బుగ్గలు ఇంకా పొంగించాడు. కళ్లు మాత్రం పెద్దవి చేశాడు.

"పెద్దలయెడ మౌనము. మంచిదే" అన్నారాయన.

సూరీడమ్మ హ్యాండిలు పట్టుకుంది. పక్కన ఇరుక్కుని టోపీతో తవిటినాయుడు. ఎర్రయ్య ఆటో వెనక కమ్మీ పట్టుకుని, పిల్లల వైపు ముఖం పెట్టి వేలాడాడు. అతని చేతిలో పుస్తకం. నిబంధన ప్రకారం పిల్లల పళ్లు అతను లెక్కపెట్టాలి, డ్రైవరు పళ్లు నిపుణుడు అద్దంలో చూడాలి. వెనక తెల్లకారు.

మొదటి మైలురాయి దాటింది. ఒక్క పన్ను లేదు. ఎర్రయ్య సంతోషంగా సున్నాలు వేసుకుంటున్నాడు. అతనికీ తన అప్ప సూరీడమ్మ ఆటో ఆగిపోవడం ఇష్టం లేదు. అతని చెల్లెలి కూతురు గిరిజ అదే ఆటోలో వెళ్తుంది.

తూము వచ్చింది. సూరీడమ్మ బ్రేకు మీద కాలు పెట్టి, పాల కుండ దింపినట్టు దింపింది. ఆటో గెంతలేదు. గెంతకుండానే దిగింది. కాని గట్టు మీద గాలి ఎవరి మాటా వినదు. అది తవిటినాయుడి నీలం టోపీని ఎత్తి, మెల్లిగా తిప్పి, వెనక వస్తున్న తెల్లకారు చక్రాల ముందు పెట్టింది. తెల్లకారు దాని మీదుగా వెళ్లింది. టోపీ అప్పడంలా రోడ్డుకి అంటుకుపోయింది.

ముందు బుజ్జిగాడు పేలాడు. తర్వాత పదకొండు నోళ్లూ ఒక్కసారే పేలాయి. ఎర్రయ్య తల నుంచి బొడ్డు దాకా తడిసిపోయాడు. పుస్తకం కూడా తడిసింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

సూరీడమ్మ పెదాలు కొరుక్కుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె చాలా ఆపుకుంది. ఇది ఆపుకోలేకపోయింది. అద్దంలో భర్త బట్టతల వెలుగుతోంది. ఆమె నవ్వింది. నవ్వుతూనే పైకి చూసింది. అద్దంలో అతని కళ్లు తన నోటి వైపే ఉన్నాయి.

బడి ముందు ఆగారు. ఎర్రయ్య ముఖం తుడుచుకుని పుస్తకం ఆరబెట్టుకుంటూ లెక్క చెప్పాడు. చిన్నపిల్లల్లో సగం మందికి ముందరి పాలపళ్లు ఊడి ఉన్నాయి.

"ఊడినవి లెక్కలోకి వత్తాయా, బాబూ?"

పీతాంబరరావు గారు ఆలోచించారు. "రాలిన దంతములను రాలినవిగానే పరిగణింపవలెను."

"అయితే పదకొండు మందికీ కలిపి నలభై నాలుగు. తలకి నాలుగు."

"నాలుగు దాటలేదు" అన్నారాయన. "పని తరగతి. ఆకుపచ్చ డబ్బా తీయండి."

సూరీడమ్మ ఊపిరి వదిలింది. దమయంతి గిరిజ చెయ్యి పట్టుకుంది. డ్రైవరు కారులోంచి ఆకుపచ్చ డబ్బా తీసి మూత ఊడదీశాడు.

"ఇక ఒక గడి మిగిలినది" అన్నారు పీతాంబరరావు గారు కాగితం తిప్పి. "డ్రైవరు దంతములు. నిపుణులు గారు?"

ఎర్రయ్య తవిటినాయుడి వైపు చూశాడు. "బావా" అన్నాడు మెల్లిగా. "నువ్వు సూణ్ణేదు గదా? నీ దృష్టి టోపీ మీద ఉంది గదా?"

సూరీడమ్మ అతని వైపు చూడలేదు. మరక ఉన్న సీటు వైపు చూసింది.

తవిటినాయుడు బట్టతల మీద చెయ్యి పెట్టుకున్నాడు. టోపీ ఉండాల్సిన చోట.

"పన్నెండు" అన్నాడు. "పైన ఎనిమిది, కింద నాలుగు. పైన కుడివైపుది కొంచెం ఇరిగింది."

మొత్తం యాభై ఆరయింది. మనుషులు పన్నెండుమంది. తలకి నాలుగు దాటింది. ఆకుపచ్చ డబ్బా మూత పెట్టేసి పసుపుది తెరిచారు.

"తమ నిష్పాక్షికత మా విభాగానికే తలమానికము" అన్నారు పీతాంబరరావు గారు.

"బాబూ" అంది సూరీడమ్మ. ఆవిడ ఆయనతో మాట్లాడ్డం అదే మొదటిసారి. "ఎల్లుండి గుంటలకి పరీక్షలండి. ఎలాగెల్తారండి?"

"ఆదివారం నాడు యథేచ్ఛగా తీసికొని వెళ్లవచ్చును. అందుకు విభాగానికి ఎట్టి అభ్యంతరమూ లేదు."

"ఆదివారం బడుండదండి."

"అది విద్యాశాఖ పరిధిలోని అంశము" అని ఆయన కారెక్కారు. కారు కదలబోతుంటే లోపల్నుంచి ఆడగొంతు తలుపు తెరిచి ఉందని చెప్పింది. తవిటినాయుడు వెళ్లి నడుంతో పొడిచి వచ్చాడు.

ఆదివారం పసుపు పట్టీ ఆటోకి పూర్తి స్వేచ్ఛ. ఎక్కడికైనా వెళ్లవచ్చు. ఎక్కడికీ వెళ్లవలసిన పని లేదు. మధ్యాహ్నం దమయంతి తండ్రి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈ ఏటికి ఆపేత్తానప్పా" అన్నాడు సూరీడమ్మతో. "లారీల దారి. ఆడగుంటని నడిపించి పంపలేను. నా సైకిలుకి వాళ్లు పరీచ్చ సెయ్యనేదు, రేపట్నుంచి పట్టీ లేందే రోడ్డెక్కనివ్వరట. పెళ్లీడు కూడా వత్తంది గదా... సదివింది సాలు."

"రేపు పొద్దున్న ఏడింటికి పంపు" అంది సూరీడమ్మ.

"ఎలాగ?"

"పంపు."

అతను వెళ్లిపోయాక తవిటినాయుడు అరుగు మీద గొంతు సవరించుకున్నాడు. భార్య తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే చెప్పడానికి జవాబు సిద్ధం చేసుకున్నాడు. వ్యక్తిగత బంధము, వృత్తిధర్మము అని మొదలవుతుంది ఆ జవాబు. ఆమె తిట్టలేదు. కూరలో ఉప్పు సరిగ్గా వేసింది. పెరట్లోకి వెళ్లి పాత సామాన్లలో ఏదో వెతికింది.

సోమవారం పొద్దున్న ఆరూ ముప్పావుకి ఆమె ఆటో తుడిచేసింది. ఏడింటికి పిల్లలొచ్చారు. దమయంతి చేతిలో అట్ట, రెండు పెన్నులు. గిరిజ నుదుట విభూతి. తవిటినాయుడు అరుగు మీద టీ తాగుతున్నాడు. ఆకుపచ్చ పట్టీ వేసుకున్న బళ్లు రోడ్డు మీద పోతున్నాయి. అతను దేనికీ జాతకం చెప్పడం లేదు.

సూరీడమ్మ పెరట్లోంచి ఒక లావుపాటి మోకు తెచ్చి అతని ఒళ్లో పెట్టింది.

"ఏటిది?"

"మోకు."

"ఏటికి?"

"లాగతన్నంతసేపు బండి కాదట గదా, సామానట. నువ్వే సదివి ఇనిపించావు." ఆమె చీర చెంగు నడుముకి దోపుకుంది. "షావుకారికి రెండెడ్లున్నాయి. మనకి ఎడ్లు నేవు."

తవిటినాయుడు మోకు చూశాడు. ఆటో చూశాడు. పదకొండు మందిని, నాలుగు కిలోమీటర్లని, చెరువుగట్టు ఎగుడుని చూశాడు. ముందు టైరులో గాలి ఎంతుండాలో, బరువు ఎటు వేస్తే లాగుడు తేలికవుతుందో అతనికి ఒక అభిప్రాయం ఉంది. చెప్పడానికి నోరు తెరిచాడు. సూరీడమ్మ అతని నోటి వైపే చూస్తోంది. అతను నోరు మూసుకున్నాడు.

టీ గ్లాసు అరుగు మీద పెట్టాడు. మెడలోంచి కార్డు తీసి, గోడకి ఆటో తాళం తగిలించే మేకుకి తగిలించాడు. తాళం అక్కడే ఉంది. దానితో ఇవాళ పని లేదు. మోకు ఆటో ముందుకి తీసుకెళ్లి బిగించి కట్టాడు. ముడి గట్టిగా పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాడు. డిపోలో నేర్చుకున్న ముడి.

"తాతా, మేం తొయ్యాలా?" అంటూ దమయంతి దిగబోయింది.

"నువ్వు కూకుని సదువుకో" అంది సూరీడమ్మ, హ్యాండిలు పట్టుకుని.

అతను మోకుని భుజానికి వేసుకుని వంగాడు. మొదటి లాగుడికి ఆటో కదల్లేదు. రెండోదానికి ఒక అంగుళం కదిలింది. ఇంటి ముందు నుంచి రోడ్డు మీదికి చిన్న ఎగుడుంది. అక్కడ అతని మెడ నరాలు తేలాయి. ముఖం ఒక పక్కకి తిరిగింది.

బుజ్జిగాడు సీటు మీద లేచి నిలబడ్డాడు. "మామ్మా, తాత పళ్లన్నీ కనబడతన్నాయే! ఒకటి, రెండు, మూడు..."

"లెక్కెట్టకు. కూకో" అంది సూరీడమ్మ.

తవిటినాయుడు వెనక్కి చూడలేదు. ఎగుడెక్కి, మోకు మరో భుజానికి మార్చుకుని, చెరువుగట్టు వైపు రోడ్డు పట్టాడు.